మా పిల్లలు బద్ధకస్తులు కాదండీ, బస్సు నాలుగుంపావుకే వెళ్లిపోతుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ పేపర్లో కాలేజీ పిల్లల ఆరోగ్యం మీద ఉత్తరాలు వస్తున్నాయి. అన్నిట్లోనూ ఒకటే పాట. ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, ఒళ్లు వంచరు, నాలుగు అడుగులు నడవమంటే ఆటో పిలుస్తారు, మా రోజుల్లో అయితే... ఇక ఆ తర్వాత ఏముంటుందో మీకు తెలుసు. నేను గుంటూరు వైపు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని, పిల్లలు పీడీ సార్ అంటారు. ఈ ఉద్యోగంలోనే జుట్టు నెరిసింది. ఫస్టియర్‌లో గేటు లోపలికి వచ్చిన పిల్లాడి ఒళ్లు ఫేర్‌వెల్ నాటికి ఎలా అవుతుందో లెక్చరర్లు చూడరు, వాళ్లకి ఇంటర్నల్ మార్కులు కనిపిస్తాయి. చూసేది నేనూ మా క్యాంటీన్ అతనూ. అందుకని పిల్లల తరఫున ఈ ఉత్తరం.

యూనివర్సిటీలో అడుగు పెట్టగానే పిల్లలు ఆటలూ వ్యాయామం తగ్గించేస్తారన్నది ఒక్క మన దగ్గరి విషయం కాదు. కెనడాలో 2004లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. హైస్కూలు చివరి రెండు నెలల్లో బాగా చెమట పట్టేలా చాలినంత వ్యాయామం చేసినవాళ్లు మూడింట రెండు వంతుల మంది ఉంటే, యూనివర్సిటీలో చేరిన మొదటి రెండు నెలల్లోనే అది 44 శాతానికి దిగింది. ఎందుకో ఊహించడం కష్టమేం కాదు. కొత్త ఊరు, కొత్త రూము, అప్పటిదాకా స్కూలు టీమ్‌లో ఉండి కోచ్ కేకేస్తే పరిగెత్తినవాడికి ఇప్పుడు కేకేసేవాడు ఉండడు, అసైన్‌మెంట్లు మాత్రం ఉంటాయి. అమెరికాలో అయితే మొదటి ఏడాదిలోనే పదిహేను పౌండ్లు పెరుగుతారని ఒక నానుడే ఉంది, కొలిచి చూస్తే సగటున పెరిగేది అందులో సగం కూడా ఉండదనుకోండి, అయినా ఆ మాట పోలేదు.

మన కథ అది కాదు. వాళ్ల పిల్లలు ఉన్న అలవాటును యూనివర్సిటీకి వచ్చి పోగొట్టుకుంటున్నారు. మన పిల్లలు పోగొట్టుకోవడానికి ఏమీ మిగలకుండా వస్తున్నారు. పదో తరగతి మొదలవగానే డ్రిల్లు పీరియడ్ లెక్కల సారు చేతిలోకి పోతుంది. ఆ తర్వాత ఇంటర్ రెండేళ్లు. ఏ కాలేజీ అని పేరు చెప్పనక్కర్లేదు, అన్నీ ఒకటే నమూనా, కింద పార్కింగ్‌లో మెస్సు, పైన క్లాసులు, ఆ పైన హాస్టల్, తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్ రాత్రి పదింటికి గానీ వదలదు. ఆదివారం వీక్లీ టెస్టు. ఆ పిల్లలకు దొరికే వ్యాయామం లిఫ్ట్ పాడైతే ఎక్కే మెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేమిటంటే 17 ఏళ్ల దాకా పిల్లలకి సగటున రోజుకు గంటసేపు ఒళ్లు కదిలే పని కావాలి, 18 దాటాక వారానికి 150 నుంచి 300 నిమిషాలు చాలు. ఒక్కసారి లెక్క కట్టి చూడండి, వారానికి 420 నిమిషాలు కావాల్సిన వయసులో మనం ఇస్తున్నది సున్నా. కనీసం 150 నిమిషాలతో సరిపోయే వయసుకి, అంటే రోజుకు 22 నిమిషాల వయసుకి, వాళ్లు నా దగ్గరికి వస్తారు.

ఆ సంస్థ 2016 నాటి లెక్కల ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో చాలినంత కదలనివాళ్లు ప్రపంచం మొత్తం మీద 81 శాతం, మన దేశంలో దాదాపు 74. మనం కాస్త నయమే కదా అని ఒక మీటింగులో మా సహోద్యోగి ఒకాయన సంబరపడ్డారు. అయ్యా, మన దేశంలో అమ్మాయిల అంకె నయంగా ఉండటానికి ఇంటిపని కూడా కారణం కావచ్చని ఆ లెక్కలు విడుదల చేసినప్పుడే చెప్పారు. అంటే అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, నీళ్లు మోసి మన అమ్మాయిలు దేశానికి మార్కులు తెచ్చిపెట్టారన్నమాట.

అందుకే నేననేది, మన దగ్గర బీటెక్ ఫస్టియర్ అనేది వ్యాయామం ఆగిపోయే చోటు కాకూడదు, మూడేళ్లుగా ఆగిపోయినది మళ్లీ మొదలవ్వాల్సిన చోటు. పిల్లలు కూడా అలాగే వస్తారు. చాలామందికి ఇది తెలియదు. కౌన్సెలింగ్ అయిపోయి, సీటొచ్చి, ఎంట్రన్సుల టెన్షన్ వదిలి, మొదటిసారి గ్రౌండ్ చూసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి మీరు.

మొదటి వారంలో సెక్షన్‌లవారీగా వాళ్లను గ్రౌండ్‌కి తీసుకెళ్తాను. మాది 400 మీటర్ల మట్టి ట్రాక్, సున్నం నేనూ మా అటెండరూ కలిసి గీస్తాం. ఒక్క రౌండు వేయండి, పరుగో నడకో మీ ఇష్టం అంటాను. సగం మంది చెప్పులతో వస్తారు, అమ్మాయిలైతే చున్నీ నడుముకి బిగించి మరీ మొదలుపెడతారు. మొదటి వంద మీటర్లు కేకలు, నవ్వులు, ఒకళ్లనొకళ్లు తోసుకోవడం. రెండో మలుపు దగ్గర కేకలు ఆగిపోతాయి. మూడో మలుపుకి డొక్క పట్టుకుని నడిచేవాళ్లు, ట్రాక్ వదిలేసి అడ్డంగా గడ్డిలోంచి వచ్చేసేవాళ్లు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయేవాళ్లు. పద్ధెనిమిదేళ్ల పిల్లలండీ. నాకు నవ్వు రాదు. పోయిన ఏడాది ఒక కుర్రాడు రౌండు అయ్యాక కూడా వెళ్లకుండా లాంగ్ జంప్ పిట్ దగ్గర తచ్చాడుతున్నాడు. ఏంట్రా అంటే, తొమ్మిదో తరగతిలో జోనల్స్‌లో సెకండ్ వచ్చాను సార్ అన్నాడు. దూకు మరి అన్నాను. రన్నప్ బాగానే తీశాడు, టేకాఫ్ బోర్డు మీద కాలు కూడా సరిగ్గానే పడింది, కాలికి గుర్తుంది, తొడకి శక్తి లేదు, అంతే. ఇసకలో కూర్చుని తొడ రుద్దుకుంటూ "మళ్లీ వస్తుందా సార్?" అన్నాడు. ఎందుకు రాదు, రెండు నెలలు సాయంత్రాలు నా దగ్గరికి రా అన్నాను. మర్నాడు సాయంత్రం షూ వేసుకుని వచ్చాడు కూడా, పది నిమిషాలు వార్మప్ చేశాడో లేదో ఫోన్ మోగింది. బస్సు కదులుతోందిరా అని ఫ్రెండు. బ్యాగు భుజాన వేసుకుని పరిగెత్తాడు, ఆ రోజు వాడు చేసిన మంచి స్ప్రింట్ అదే.

డే స్కాలర్. నరసరావుపేట అవతల ఊరు. ఆ తర్వాత మామూలు రోజుల్లో రాలేదు, రాలేడు.

ఎవరూ రాయని సంగతి ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మా కాలేజీలో నాలుగింటికి లాస్ట్ అవర్ అయిపోతుంది, నాలుగుంపావుకి బస్సులన్నీ ఒకేసారి కదులుతాయి. తెనాలి, సత్తెనపల్లి, చిలకలూరిపేట, బాపట్ల దారి, ఇలా నలుమూలలకీ. మా పిల్లల్లో ఎక్కువమంది డే స్కాలర్లే. పొద్దున్నే ఏడింటికల్లా ఊరి సెంటర్లో నిలబడాలి కాబట్టి ఇంట్లో ఆరింటికే హడావిడి, అన్నం బాక్సు, టిఫిన్ తిన్నాడో లేదో తెలియదు. గంటన్నర బస్సులో కూర్చుని, ఏడు గంటలు క్లాసులో కూర్చుని, మళ్లీ గంటన్నర బస్సులో కూర్చుని ఇంటికి చేరేసరికి ఆరు. చలికాలంలో అప్పటికే చీకటి. ఊళ్లో హైస్కూలు గ్రౌండ్‌కి తాళం. ఇక వాడికి వ్యాయామం ఎప్పుడు చేయమని చెబుతాం? తెల్లవారుజామున నాలుగున్నరకి లేవమందామా? చెప్పేవాళ్లు చెబుతారు, లేచేవాళ్లూ ఒకరిద్దరు ఉంటారు, కానీ ఒకరిద్దరు లేచారని మిగతా వెయ్యిమందిని బద్ధకస్తులనడం న్యాయం కాదు.

నాలుగు ఇరవైకి మా గ్రౌండ్‌కి రండి ఎప్పుడైనా. హాస్టల్ కుర్రాళ్లు ఓ మూల వాలీబాల్ ఆడుకుంటూ ఉంటారు, మిగతా ఎకరాలన్నీ గేదెలు మేయడానికి బాగుంటాయి.

బద్ధకమే అయితే ఇంకో సంగతికి జవాబు చెప్పాలి. గుంటూరు, విజయవాడ బైపాస్‌ల వెంట ఇప్పుడు బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు ఎన్ని వచ్చాయో చూశారా? వలలు కట్టి, లైట్లు పెట్టి, గంటకి ఇంత అని అద్దె. రాత్రి పది దాటాక స్లాట్లు నిండిపోయేది ఎవరితో అనుకుంటున్నారు, మన కాలేజీ కుర్రాళ్లతోనే, రూములు తీసుకుని ఉండేవాళ్లతో. పన్నెండు మంది తలా వందో నూటయాభయ్యో వేసుకుని అర్ధరాత్రి దాకా ఆడి, బిర్యానీ తిని, పొద్దున్న ఫస్ట్ అవర్‌లో నిద్రపోతారు. ఆ తిండీ ఆ నిద్రా మంచిదని నేననను. కానీ జేబులో డబ్బులు పెట్టుకుని మరీ ఆడటానికి వెళ్లేవాడు బద్ధకస్తుడెలా అవుతాడు? ఫీజులో స్పోర్ట్స్ ఫీజు కూడా కట్టి, పగలు ఊరికే ఉన్న పెద్ద గ్రౌండ్ వదిలి, రాత్రి వలల్లో అద్దెకి ఆడుకోవాల్సిన గతి ఎందుకు పట్టిందో పెద్దవాళ్లు ఆలోచించాలి.

ఇక అమ్మాయిల సంగతి. వాళ్లకి బస్సుతో పాటు హాస్టల్ గేటు కూడా ఉంది. చాలా హాస్టళ్లలో ఆరింటికి లోపల ఉండాలి. మన ఎండలకి ఏప్రిల్‌లో సాయంత్రం అయిదున్నర దాకా గ్రౌండ్‌లో కాలు పెట్టలేం, ఆరింటికి గేటు వేస్తారు, మధ్యలో ఉన్న అరగంటలో బట్టలు మార్చుకుని, షటిల్ బ్యాట్ తీసుకుని, కోర్టు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఆడి రావాలి. పైగా కోర్టులన్నీ అబ్బాయిల హాస్టల్ వైపు. ట్రాక్ ప్యాంటు వేసుకుని వెళ్తే వార్డెన్ మేడమ్ ఏమంటారో అని ఒక బెంగ, గట్టు మీద కూర్చున్న గుంపు ఏమంటారో అని ఇంకో బెంగ. స్కూల్లో ఖోఖో, టెన్నికాయిట్ దుమ్ము దులిపేసిన పిల్లలు నాకు తెలుసు, ఇక్కడికొచ్చాక రాత్రి భోజనం అయ్యాక హాస్టల్ కారిడార్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి ఫోన్ మాట్లాడుతూ నడుస్తారు, అదే వాళ్ల వాకింగ్. 2022 లెక్కల్లో మన దేశంలో పెద్దవాళ్లలో చాలినంత కదలని ఆడవాళ్లు 57 శాతం, మగవాళ్లు 42 శాతం అని వచ్చినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఆరింటికి గేటు వేసే మనకి ఆశ్చర్యం ఎందుకో. భద్రత ముఖ్యం కదా సార్ అంటారు. ముఖ్యమే, ఎవరు కాదన్నారు? హాస్టల్ కాంపౌండ్ లోపలే రెండు షటిల్ కోర్టులు, ఒక త్రోబాల్ కోర్టు వేసి రెండు ఫ్లడ్ లైట్లు పెడితే భద్రతకి వచ్చిన లోటేంటి? సిమెంట్ ఖర్చు తప్ప ఏమీ లేదు.

కాగితాల మీద మాత్రం మనకి లోటు లేదు సుమండీ. ఇంజినీరింగ్ కాలేజీలకి పై సంస్థ అయిన ఏఐసీటీఈ 2018 మోడల్ కరిక్యులమ్‌లో ఇంజినీరింగ్ చేరిన పిల్లలకి మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టారు, అందులో శారీరక వ్యాయామానికీ ఆటలకీ చోటుంది. చక్కటి ఆలోచన, ఎవరు రాశారో గానీ పిల్లల్ని ఎరిగినవాళ్లే రాసి ఉంటారు. జరిగేదేమిటంటే కౌన్సెలింగ్ ఆలస్యమైంది, సిలబస్ అవదు అని మూడు వారాలు వారం అవుతుంది, ఆ వారంలో చైర్మన్ గారి ప్రసంగం, ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ల ప్రసంగం, యాంటీ ర్యాగింగ్ ప్రసంగం, అన్నీ ఆడిటోరియంలో కూర్చునే. వ్యాయామం గురించి కూడా కూర్చోబెట్టే చెప్పిస్తారు.

మన రాష్ట్రంలో ఆర్-23 రెగ్యులేషన్, అంటే 2023లో మొదలైన కొత్త బీటెక్ సిలబస్ నిబంధనలు, వచ్చాక ఫస్టియర్‌లోనే "హెల్త్ అండ్ వెల్‌నెస్, యోగా అండ్ స్పోర్ట్స్" అని అర క్రెడిట్ సబ్జెక్టు కూడా వచ్చింది. నాలుగేళ్లకి నూట అరవై చిల్లర క్రెడిట్లలో అర. సరే, అర అయినా అధికారికంగా వచ్చింది కదా అని నేనే అందరికంటే ఎక్కువ సంతోషించాను. వారానికి ఒక పీరియడ్. టైంటేబుల్‌లో దాన్ని మధ్యాహ్నం రెండింటి ఎండలో పడేశారు, మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) ముందు మ్యాథ్స్ వాళ్లు అడిగి తీసుకుంటారు, మళ్లీ పదో తరగతి కథే. మరి మార్కులెలా అంటే రికార్డు. అవునండీ, రికార్డు. పిల్లలు సూర్య నమస్కారాల పన్నెండు భంగిమలూ స్కెచ్ పెన్నులతో గీసి, ఒక్కోదాని కింద దాని లాభాలు రాసి, మార్జిన్ కొట్టి, అట్ట వేసి తెస్తారు. ఒకమ్మాయి గీసిన బొమ్మలు ఎంత బాగున్నాయంటే నోటీసు బోర్డులో పెట్టించాను. ఒక్క నమస్కారం చేసి చూపించమ్మా అంటే, సార్ నేను ఫ్రెండ్ రికార్డు చూసి వేశాను, చేయడం రాదు అంది. నిజం చెప్పినందుకు ఆ అమ్మాయికి రెండు మార్కులు ఎక్కువేశాను.

కమిటీలు వస్తాయి కదా, అవి చూడవా అంటారేమో. చూస్తాయి. గ్రౌండ్ ఎన్ని ఎకరాలు, జిమ్ ఉందా, ఇండోర్ ఉందా, యోగా హాల్ ఉందా, ఎన్ని పతకాలు వచ్చాయి, ఫొటోలు ఏవి. కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వచ్చేముందు మా జిమ్‌లో ట్రెడ్‌మిల్‌కి కప్పిన ప్లాస్టిక్ కవరు తీస్తారు, వాళ్లు వెళ్లాక దుమ్ము పడుతుందని మళ్లీ కప్పుతారు. ఈ గ్రౌండ్ ఉంది సరే, పోయిన వారం ఇందులోకి ఎంతమంది పిల్లలు వచ్చారు, వాళ్లలో అమ్మాయిలు ఎంతమంది అని అడిగిన కమిటీని నేనింతవరకూ చూడలేదు. పతకాలంటే నాకు చిన్నచూపేమీ లేదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో చెంగ్డూలో జరిగిన ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో వంద మీటర్ల హర్డిల్స్‌ని 12.78 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చిన రోజు మా పీడీల వాట్సాప్ గ్రూపులో నిద్రపోయినవాడు లేడు. కానీ టీమ్‌లో ఆడే నలభై మంది ఎలాగూ ఆడతారు, వాళ్లకి జెర్సీలు, టీఏ డీఏలు, అటెండెన్స్ అన్నీ ఉన్నాయి. నా బాధ టీమ్‌లో లేని మూడువేల మంది గురించి.

ప్రభుత్వ యూనివర్సిటీల వాళ్లకి గ్రౌండ్లు మాకంటే పెద్దవి, చెట్ల కింద నడిచే రోడ్లున్నాయి, హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి రావడమే ఒక వాకింగ్. వాళ్ల కష్టం వాళ్లది, గ్రౌండ్ సభలకిస్తారు, సభ అయ్యాక షామియానా గుంజలు పీకిన గుంతలు పీడీయే పూడ్పించుకోవాలి. డిగ్రీ కాలేజీల్లో చాలాచోట్ల ఆ పూడ్పించే పీడీ కూడా లేడు, పోస్టు ఖాళీ.

సెకండియర్‌లో ఇంకో మలుపు ఉంది. ఫస్టియర్‌లో మెయిన్ రోడ్డు నుంచి బ్లాకు దాకా, బ్లాకు నుంచి క్యాంటీన్‌కి, ల్యాబుకి నడిచే పిల్లాడికి నాన్నగారు బైకు కొనిస్తారు. ఆ నడకా పోయింది. మిగిలింది జిమ్. జిమ్‌కి వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను, బరువులెత్తడం మంచిదే, కండరాలకి పని చెప్పే వ్యాయామం వారానికి రెండు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. కాకపోతే రెండు నెలల్లో బైసెప్స్ రావాలి, ఫొటో పెట్టాలి, దానికోసం ట్రైనర్ చేతిలో పెట్టిన లేబుల్ లేని పౌడర్ తాగాలి అంటే మాత్రం నాకు భయం వేస్తుంది. అమ్మ వండిన పప్పు, రెండు గుడ్లు తినరా అంటే నవ్వుతారు. పరీక్షలు రాగానే జిమ్ మానేస్తారు, ఏడాదికి కట్టిన ఫీజు మాత్రం జిమ్‌వాడికే.

ఇక్కడ చదివి ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లిన మా పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. టెక్సస్‌లో ఉన్న ఒకడు చెప్పిన మాట నాకు బాగా పట్టింది. అక్కడ సెమిస్టర్ ఫీజులోనే రిక్రియేషన్ సెంటర్ ఫీజు కలిపి వసూలు చేస్తారట, నువ్వు వెళ్లినా వెళ్లకపోయినా. డబ్బులు ఎలాగూ కట్టేశాం కదా సార్, రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది, క్లాసు అయ్యాక వెళ్తున్నాం అన్నాడు. ఇక్కడ నాలుగేళ్లలో నా గ్రౌండ్ మొహం చూడనివాడు వాడు. వాడేమీ మారలేదు, అక్కడ తలుపు తెరిచి ఉంది, అంతే. ఇంకో సంగతి కూడా చెప్పాడు, మొదటి సెమిస్టర్‌లో కారు లేక తెగ నడిచి బరువు తగ్గాడట, పార్ట్ టైమ్ డబ్బులతో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక మళ్లీ పెరిగాడట. బైకు కథ అక్కడా ఉంది.

మా దగ్గర ఒకసారి ఒక ప్రయత్నం జరిగింది, అది కూడా చెప్పాలి. ప్రిన్సిపాల్ గారిని, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని బతిమాలి, ఒక సెమిస్టర్ బుధవారం, శనివారం కొన్ని రూట్లకి అయిదున్నరకి రెండో ట్రిప్ పెట్టించాను. అందరికీ కాదు, ఉండాలనుకున్నవాళ్లకే. మొదటి బుధవారం ఎవరొస్తారులే అనుకున్నారు ఆఫీసు వాళ్లు. చివరికి వాలీబాల్ కోర్టు చాలక నెట్టు లేకుండా తాడు కట్టి ఆడించాల్సి వచ్చింది. కబడ్డీ కోర్టు చుట్టూ మూడు వరసల జనం. డే స్కాలర్ అమ్మాయిలు కొందరు ట్రాక్ మీద నడుస్తూ మొదలుపెట్టి నెలాఖరుకి మెల్లగా పరుగు అందుకున్నారు. లాంగ్ జంప్ కుర్రాడు కూడా వచ్చాడు, వాడి రూటు ఆ ట్రిప్‌లో ఉంది కాబట్టి. తర్వాత మిడ్స్ వచ్చాయి, మిడ్స్ అయ్యేదాకా ఆపుదాం అన్నారు, మిడ్స్ అయిపోయాయి, డీజిల్ రేటు చూశారా అన్నారు, డ్రైవర్లకి ఓవర్‌టైమ్ అన్నారు, మా అమ్మాయి ఇంకా ఇంటికి రాలేదేంటని తల్లిదండ్రుల ఫోన్లు అన్నారు. అంతటితో అటకెక్కింది. డీజిల్ ఖర్చు నిజమే, తల్లిదండ్రుల భయం కూడా నిజమే, నేను కాదనను. కానీ ఆ రెండో ట్రిప్ ఖర్చుని మూడువేల మందికి పంచితే తలకి ఎంత పడుతుందో మా కామర్స్ మాస్టారు లెక్కేసి చూపించారు, పిల్లలు నెలలో తాగే టీల ఖర్చు కంటే తక్కువ.

ఆరోగ్యం సంగతి నేను డాక్టర్‌లా చెప్పలేను. కానీ ఒకటి అందరికీ తెలిసిందే, ఎముకల గట్టిదనం చాలావరకు ఇరవై ఏళ్ల లోపే సమకూరుతుంది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అంది. మన ఒంటి తీరుకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క, తెల్లవాళ్లలా 25 దాకా ఆగక్కర్లేదు. మా పిల్లల తండ్రులు చాలామంది నలభై అయిదుకే మాత్రలు వేసుకుంటున్నారు, పేరెంట్స్ మీటింగ్‌లో టీలో పంచదార వద్దనేవాళ్లని చూస్తుంటేనే తెలుస్తుంది. వాళ్ల పిల్లలే కదా ఉదయం సాయంత్రం ఆ బస్సుల్లో కూర్చునేది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆర్-23లో ఇచ్చిన ఆ ఒక్క పీరియడ్‌ని లాస్ట్ అవర్‌లో పెట్టి, రికార్డు తీసేసి, గ్రౌండ్‌లో అటెండెన్స్ వేయండి. వారానికి రెండు రోజులు రెండో ట్రిప్ బస్సు. అమ్మాయిల హాస్టల్ లోపల కోర్టు, లైటు. యూనివర్సిటీ నుంచి వచ్చే కమిటీ కాలేజీకి చెప్పకుండా ఒక మామూలు మంగళవారం సాయంత్రం అయిదింటికి వచ్చి గ్రౌండ్‌లో తలలు లెక్కపెట్టుకుని వెళ్లాలి, పతకాల ఫైలు నేను కొరియర్‌లో పంపిస్తాను.

ఈ ఏడాది ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి సిద్ధమవుతున్న తల్లిదండ్రులకి కూడా ఒక మాట. కాలేజీ చూడటానికి వచ్చి హయ్యెస్ట్ ప్యాకేజ్ ఎంత, ఏసీ క్లాసులు ఉన్నాయా, మెస్సులో చికెన్ వారానికి ఎన్నిసార్లు అని అడుగుతున్నారు, అడగండి, తప్పు లేదు. వాటితో పాటు లాస్ట్ అవర్ ఎన్నింటికి అవుతుంది, మా ఊరి బస్సు ఎన్నింటికి కదులుతుంది, అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు అని కూడా అడగండి. ఆఫీసులో చెప్పింది విని ఊరుకోకుండా, క్లాసులు జరుగుతున్న ఏదో ఒక రోజు సాయంత్రం అయిదింటికి మీరే వెళ్లి గ్రౌండ్ చూసి, ఆ తర్వాతే వెబ్ ఆప్షన్ పెట్టుకోండి.

ఇట్లు,
ఒక ఫిజికల్ డైరెక్టర్,
గుంటూరు జిల్లా